మూడో అడుగు

కంగేమి, నైరోబీ
జూన్ 3

లుగాలియా మామయ్యకు,

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానో ముందే చెబుతాను. ఆగస్టు పద్దెనిమిదిన నా ఆరు పాటలు రికార్డు చేస్తున్నాను. మొదటిది తాతయ్య కట్టిన ‘సంత దారి’. దాని గురించి నాకొక సంగతి తెలియాలి. అది తెలిసినవాళ్ళలో ఇప్పుడు బతికున్నది నువ్వొక్కడివే. ఫోన్‌లో మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ "సిగ్నల్ లేదమ్మాయ్" అని పెట్టేశావు. నీ వెనకాల ఆవు అరవడం మాత్రం నాకు చక్కగా వినపడింది. అందుకే ఉత్తరం. రోడా గారు చదివి వినిపిస్తుంటే మధ్యలో పెట్టేయడానికి వీలుండదు.

రోడా గారికి నమస్కారం. మన ప్రార్థనా మందిరం రాతపనులతోనే మీకు తీరిక ఉండదు, పైగా గిటార్ మాటలు మీకు రుచించవని తెలుసు. మీకూ అర్థం కావాలని మామయ్యకు తెలిసినవి కూడా వివరంగా రాస్తున్నాను. విసుక్కోకండి.

తాతయ్య వాయించేటప్పుడు కుడిచేతి బొటనవేలు మందపు తీగ మీద నాలుగు అడుగులు వేస్తుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, మళ్ళీ ఒకటి. మనిషి సంతకు నడిచిపోతున్నట్టు. మిగిలిన వేళ్ళు సన్నతీగల మీద పాట చెబుతాయి. పక్కన పీటమీద మామయ్య కూర్చుని గాట్లున్న సోడా సీసాను ఇనుప పుల్లతో గీస్తాడు, కొడతాడు. ఇద్దరూ కలిస్తేనే ఆ పాట.

ఇక్కడ నాకు పక్కన ఎవరూ లేరు. అంతా ఒక్క గిటార్ మీదే చేస్తాను. అరచేతి అంచుతో చెక్కను కొడితే డోలు. పక్కచెక్కను గోళ్ళతో గీస్తే సీసా గాట్లు. ఇక ‘సంత దారి’లో మూడో అడుగు. అక్కడ తీగ పలకదు. తీగ పలకాల్సిన చోట వేలి కణుపుతో చెక్కమీద ఠక్కున ఒక్క దెబ్బ. నేను తాతయ్య దగ్గర విన్నది అలాగే. ఆ చోట సీసా ఒక్కటి గట్టిగా మోగేది. నన్ను పిలిచేవాళ్ళందరూ ఆ దెబ్బ కోసమే పిలుస్తారు. వెస్ట్‌ల్యాండ్స్‌లో నేను శుక్రవారాలు వాయించే హోటల్ మేనేజరు మొదటిరోజు నా కుర్చీ కిందికి వంగి చూశాడు. "డప్పు ఎక్కడ దాచావమ్మా?" అని.

పోయిన ఆదివారం మధ్యాహ్నం ఇక్కడ మనవాళ్ళ ఇంట్లో సంతాపానికి వెళ్ళి ‘సంత దారి’ వాయించాను. అయిపోయాక బున్యోరే నుంచి వచ్చిన అంబుందో అనే ముసలాయన నన్ను పిలిచాడు.

"నువ్వు అదగాలా మనవరాలివా?"

"అవును తాతా."

"మీ తాత వేళ్ళకెదురుగా కూర్చుని పదేళ్ళు విన్నాను. ఆ మూడో దగ్గర కొట్టుడు మీ తాతది కాదు. ఎక్కడ నేర్చావు?"

"మా ఇంట్లోనే."

"అయితే నేను విన్న ఇల్లు వేరేదై ఉంటుంది" అని టీ అందుకుని అటు తిరిగాడు.

రికార్డుతో పాటు ఒక కాగితం అచ్చువేస్తున్నాను. అందులో "మూడో అడుగు మా తాత అదగాలా కల్పన" అని రాశాను. అది నిజం కాకపోతే చనిపోయిన మనిషి పేరున లేనిది అంటగట్టినదాన్ని అవుతాను. చదువుకున్న మనిషిని మనింట్లో నేనొక్కదాన్నే. నేను రాసింది తప్పని సరిచేసేవాళ్ళు కూడా లేరు. అందుకని అడుగుతున్నాను. మూడో అడుగు తాతయ్యదేనా?

నీ మేనకోడలు,
కగేహా


వోకోలి
జూన్ 19

కగేహా తల్లికి,

నీ ఉత్తరం బస్సులో వచ్చింది. రోడా రెండుసార్లు చదివింది. మొదటిసారి ఆమెకు అర్థం కాలేదట, రెండోసారి నాకు. ఇద్దరం బాగున్నాం.

ఇక్కడ వడగళ్ళు పడ్డాయి. టీ చెట్ల చిగుళ్ళన్నీ రాలిపోయాయి. ఎవరో కత్తెరతో కత్తిరించినట్టు ఉంది తోట. మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, ప్రార్థనకు నడిచే వస్తోంది. ఆవు ఈనింది, పెయ్యదూడ. అది అరిచేది నీ ఫోన్‌కు కాదు, దూడకు.

నువ్వు పక్కన మనిషి లేకుండా ఒక్కదానివే అన్నీ కొడుతున్నావని మాజెంగోలో టైర్లు బాగుచేసే అతను తన ఫోన్‌లో చూపించాడు. చూశాను. గోళ్ళు అంత పొడుగ్గా పెట్టుకుని పొయ్యిమీద ఉగాలి ముద్ద ఎలా కెలుకుతావు? పళ్ళెం మూతలాంటి చెవిపోగులు కూడా పెట్టుకున్నావు. మీ అమ్మకు చెప్పలేదు.

అంబుందోను నేను ఎరుగుదును. వాడు ఏ చావింటికి వచ్చినా మొదట టీ ఎక్కడ కాస్తున్నారో చూసేవాడు, తరువాతే శవాన్ని చూసేవాడు. వాడి మాట పట్టుకుని నన్నడగడమేమిటి?

నీకు వచ్చింది నువ్వు వాయించు. వినేవాళ్ళు వింటున్నారు కదా.

లుగాలియా

(ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. ఉగాలి సంగతి నేనూ అడగాలనుకున్నాను. రోడా ఇమాలి.)


కంగేమి
జూన్ 27

మామయ్యకు,

పెయ్యదూడ పుట్టినందుకు సంతోషం. గోళ్ళు కుడిచేతికే. అవి నిజమైనవి కావు, అతికించినవి. మామూలు గోళ్ళు చెక్కను గీస్తే వారానికే విరిగిపోతాయి. ఇక్కడ జాకింటా అని ఒకామె దుకాణంలో పది రోజులకోసారి అతికిస్తుంది. "పెళ్ళికూతుళ్ళు కూడా ఇన్నిసార్లు రారే, నీ మొగుడెవరో చెప్పు" అంటుంది. గిటార్ చూపిస్తాను. ఉగాలి ఎడమచేత్తో కెలుకుతాను. అలవాటైపోయింది.

చెక్కకు కూడా గోళ్ళ గతే పట్టింది. నేను కొట్టే చోట అరిగి పల్చబడింది. గికోంబాలో వడ్రంగి దగ్గరికి తీసుకెళితే వెలుతురుకు ఎత్తి చూసి "దీన్ని వాయిస్తున్నావా, దీనిమీద కోపం తీర్చుకుంటున్నావా?" అన్నాడు. లోపలి నుంచి సన్నటి చెక్కముక్క అతికించి ఇచ్చాడు. వడ్రంగి దగ్గరికి పోవడం, గోళ్ళవాళ్ళ దగ్గరికి పోవడం, మటాటు బండిలో జనం మధ్య గిటార్‌ను ఒళ్ళో పసిబిడ్డలా పెట్టుకుని కూర్చోవడం. నా వారమంతా ఇంతే. వాయించేది అందులో కొద్దిసేపే.

నువ్వు జవాబు చెప్పలేదు. వడగళ్ళ గురించి చెప్పావు.

అంబుందో తాత టీ కోసమే వచ్చాడేమో గానీ, ఇంటికి పోయి ఒక క్యాసెట్ వెతికి పంపాడు. ఎప్పుడో ఎవరి పెళ్ళిలోనో పట్టింది. మీరిద్దరూ ‘సంత దారి’ వాయిస్తున్నారు. నీ సీసా మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరుగా, వాన పడుతున్నట్టు ఉంది. తాతయ్య బొటనవేలు నాలుగు అడుగులూ వేసింది. మూడోది కూడా. ఎక్కడా దెబ్బ లేదు.

తరువాత నేను హైస్కూల్లో రెండో ఫారంలో ఉండగా సెలవుల్లో పట్టుకున్న నా క్యాసెట్ విన్నాను; పాట నేను నేర్చుకున్నది దాన్ని విని వినే, అంతకుముందు విన్నది చెవిలో లేదు. అందులో మూడో దగ్గర తీగ లేదు, నీ సీసా ఉంది. అంటే మొదటి క్యాసెట్‌కూ రెండో క్యాసెట్‌కూ మధ్య ఏదో జరిగింది. వయసు మీదపడ్డాక తాతయ్య తనే మార్చి కొత్తగా కల్పించాడా? అలాగైతే "పెద్దతనంలో కల్పించినది" అని రాస్తాను. అవునంటే చాలు. ఒక్క మాట.

కగేహా


వోకోలి
జూలై 10

కగేహాకు,

రాసుకో. నీకేది తోస్తే అది రాసుకో. తాత నిన్ను బడికి పంపింది పెద్దవాళ్ళకు పరీక్ష పెట్టడానికని మాకెవరికీ తెలియలేదు.

నాన్న పోయాక తలలు గొరిగించుకున్న రోజున నువ్వు ఉన్నావు. పెద్దలు వరసగా కూర్చుని మూడుసార్లు అడిగారు. "అదగాలాతో తేలని మాట ఎవరికైనా ఉందా? ఉంటే ఇప్పుడు లేచి చెప్పండి. ఈ రోజు లేవని మాట రేపు లేవకూడదు." ఎవరూ లేవలేదు. నేనూ లేవలేదు. మూడేళ్ళయింది. అప్పుడు లేవని మనిషిని ఇప్పుడు నువ్వు చెయ్యి పట్టుకుని లేపుతున్నావు.

ఇంకొక సంగతి. సీసా పని నీ గోళ్ళే చేస్తున్నాయి కదా. సీసావాడితో నీకేం పని?

లుగాలియా

(అమ్మాయీ, ఇక్కడ ఒక వాక్యం చెప్పి, రాశాక కొట్టేయమన్నారు. ఆయన ఎదుటే కొట్టేశాను. అందులో ఏముందో చెప్పడం నా పని కాదు. కొట్టేసిన వాక్యం ఒకటుందని చెప్పడం నా పనే. రాతపని చేసేవాళ్ళకు అది నియమం. మీ మామయ్య సీసాలో ఇప్పుడు చిక్కుడు విత్తనాలున్నాయి. కిటికీలో పెట్టుకున్నారు. రోడా.)


కంగేమి
జూలై 15

మామయ్యకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చివరి మాట గురించి ముందు చెబుతాను.

నేను ఒక్కదాన్నే వాయించాలని అనుకోలేదు. ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది ఇద్దరు సీసావాళ్ళను పెట్టుకున్నాను. ఒకతను వచ్చేసరికి పాట అయిపోయేది. రెండో అతను నేరుగా వేదికమీదే నాకు పాఠం చెప్పేవాడు. "ఆడపిల్ల వేళ్ళకు ఇది బరువు, కాస్త నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా" అని. జనం అతనికే దణ్ణాలు పెట్టి పోయేవాళ్ళు. అతన్ని మానిపించాను. మరుసటి శుక్రవారం పాట మధ్యలో నాకు తెలియకుండానే నా గోళ్ళు పక్కచెక్కను గీశాయి.

అవి ఎందుకు గీశాయో నీకు తెలియదు. బడి హాస్టల్‌లో నా దగ్గర గిటార్ లేదు. భోజనాల గదిలో బల్లమీద చెంచాతో కొట్టుకుంటూ ఉండేదాన్ని. మిగతా పిల్లలు "కగేహా బల్లతో మాట్లాడుతోంది, బల్లకే నయం, జవాబు చెప్పనక్కర్లేదు" అనేవాళ్ళు. నేను కొట్టుకునేది తాతయ్య గిటార్ కాదు, నీ సీసా. మీరు వాయించేటప్పుడు నేను వంటింటి గుమ్మంలో కూర్చునేదాన్ని. అక్కడి నుంచి తాతయ్య వీపు మాత్రమే కనపడేది. ఎదురుగా కనపడేది నీ చెయ్యి. నేను మొట్టమొదట నేర్చుకున్నది అదే. గిటార్ తరువాత. సీసావాడు అక్కర్లేక నేను ఒక్కదాన్నే వాయించడం లేదు. నువ్వు లేని చోట నిన్ను తయారుచేసుకోవలసి వచ్చింది.

పోయిన శుక్రవారం ఒక పని చేశాను. పాత క్యాసెట్‌లో ఉన్నట్టు మూడో అడుగు కూడా బొటనవేలితో తీగమీద వేశాను. నాలుగూ సరిగ్గా పడ్డాయి. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ప్రతివారం కిటికీ పక్కన కూర్చుని చేప తినే పెద్దమనిషి నా దగ్గరికి వచ్చి "ఈరోజు చేతికి ఏమైనా అయిందా?" అని అడిగాడు.

చేతికి ఏమైనా అయిందా. ఆ మాట నన్ను వదల్లేదు. ఇంటికి వచ్చి నా క్యాసెట్ మళ్ళీ పెట్టాను. ఈసారి సీసాను వినలేదు, దానికింద వినడానికి ప్రయత్నించాను. మూడో దగ్గర ఒకటిరెండు చోట్ల తీగను వేలు తాకిన చప్పుడు ఉంది. పలకలేదు, తాకింది. కొత్తగా కల్పించి మానేసినవాడు తీగను తాకడు.

మామయ్యా, తలలు గొరిగించుకున్న రోజున నేను ఉన్నానన్నావు. ఉన్నాను. ఇంటి ఆడపడుచుల పిల్లలం అరటిచెట్ల వైపు విడిగా కూర్చున్నాం. పెద్దలు మూడుసార్లు అడిగింది ఇంటివాళ్ళను. మమ్మల్ని అడగలేదు. చెల్లెలి పిల్లల నోటికి ఆ నియమం లేదని నువ్వే ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పావు. మేనకోడలు మామయ్య పెరట్లోకి వచ్చి అడగకుండా కోడిని పట్టుకుపోయినా ఎవరూ ఏమీ అనకూడదు కదా. నేను ఇంతవరకు ఒక్క కోడిని కూడా పట్టుకుపోలేదు. దాని బదులు ఈ మాట అడుగుతున్నాను.

తాతయ్య వేలికి ఏమైంది?

కగేహా


వోకోలి
జూలై 24

కగేహా తల్లికి,

కోడి మాట ఎత్తావు కాబట్టి కోడి దగ్గరికే వస్తాను. ముందు మిగతాది.

నువ్వు రెండో ఫారంలో ఉన్న ఏడాది, చలి రోజుల్లో ఒక పొద్దున నాన్న బొటనవేలు మొద్దుబారింది. ఎవరికీ చెప్పలేదు. టీ కప్పు చేతిలోంచి జారితే పిల్లిని తిట్టేవాడు. మా ఇంట్లో పిల్లి లేదు.

ఆ వారం మాజెంగోలో ఒక చావింట్లో వాయించాం. జనం చాలామంది. ‘సంత దారి’ మొదలుపెట్టాడు. ఒకటి పడింది, రెండు పడింది. మూడో అడుగుకు వేలు లేవలేదు. నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఆ చోటు దాటిపోయేది. సీసాను గట్టిగా ఒక్కటి కొట్టాను. నాలుగోది ఆయన అందుకున్నాడు. మళ్ళీ మూడు దగ్గరికి వచ్చేసరికి వేలు లేవదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. కొట్టాను. పాటంతా అలాగే. జనం ఈలలు వేశారు. "ముసలాడు కొత్త మెలిక పెట్టాడురా, ఈ వయసులో!" అని అరిచారు. నాన్న నావైపు చూడలేదు. ఇంటిదారి పొడుగునా నేను గిటార్ మోశాను, ఆయన సీసా పట్టుకున్నాడు. ఎప్పుడూ అలా పట్టుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి మీ అమ్మమ్మ కోడి వండింది. కందనకాయ ఇంటిపెద్ద కంచంలో పడాలి. వేరేవాళ్ళు దాన్ని ముట్టుకుంటే ఏమవుతుందో మా చిన్నప్పుడు ఒకసారి మీ అమ్మకు తెలిసొచ్చింది, అడుగు చెబుతుంది. ఆ రోజు నాన్న తన కంచంలోంచి దాన్ని తీసి నా కంచంలో వేశాడు. మీ అమ్మమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"పళ్ళు నొప్పి" అన్నాడు.

అన్నవాడు వెంటనే తొడ ఎముక పటపటా కొరికాడు.

అంతే. ఆ తరువాత ఆరేళ్ళు వాయించాం. ఆ ఆరేళ్ళూ మా ఇంట్లో ఎప్పుడు కోడి కోసినా నాన్నకు పళ్ళు నొప్పే. వేలి సంగతి ఆయన అనలేదు, నేను అనలేదు. "చచ్చేదాకా అదగాలా వేలు తప్పలేదు" అని జనం ఇప్పటికీ అంటారు. దాన్ని నేను ఎలా లేచి పడగొట్టను? అందుకని ఆ రోజు పెద్దలు అడిగితే నేల చూస్తూ కూర్చున్నాను.

నువ్వు అనుకున్నట్టు అది కల్పన కాదు. గోడలో రాయి ఊడితే చెయ్యి అడ్డం పెట్టినట్టు. ఫోన్‌లో నువ్వు దాన్ని కొడుతుంటే చూసినప్పుడు నాకెలా ఉందో చెప్పలేను. ఆ దెబ్బకే వాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. నవ్వాలో ఏంచేయాలో తెలియలేదు. టైర్లతను "ఏం, మీ పిల్ల నచ్చలేదా?" అన్నాడు.

పోయిన ఉత్తరంలో నేను కొట్టేయించిన వాక్యం ఇది: "అది నాది." కొట్టేయించినందుకు మూడు రోజులు తిండి సహించలేదు. మళ్ళీ చెప్పినందుకు ఇప్పుడు సహించదేమో.

నువ్వు ఆ కాగితంలో ఏం రాసినా నాన్న వేలి జోలికి పోకు. నా పేరు లేకపోయినా ఏమీ కాదు.

లుగాలియా

(అమ్మాయీ, ఈ చీటీ విడిగా పెడుతున్నాను. మీ మామయ్యకు చదివి వినిపించలేదు. మాజెంగోలో ఆ రోజు నేను ముందు వరసలో ఉన్నాను. చనిపోయినామె మా మేనత్త. అదగాలా గారి వేలు లేవకపోవడం చూశాను. నా పక్కనున్నవాళ్ళూ చూశారు. ఈలలు మొదలుపెట్టింది వాళ్ళే. ఆ తరువాత ఊళ్ళో సగం మందికి తెలుసు. ఎవరూ అనలేదు, అంతే. గిటార్ నాకు రుచించదని నువ్వు రాసింది నిజమే. ఆ ఒక్క పాట తప్ప. రోడా.)


కంగేమి
జూలై 30

మామయ్యకు,

అందింది. కాగితంలో వేలి మాట ఉండదు. ఇప్పుడుగానీ తరువాతగానీ నా నోటి నుంచి ఎవరికీ రాదు. ఊళ్ళో ఎవరేమనుకుంటారోనని నువ్వు భయపడనక్కర్లేదు. నాకెలా తెలుసని అడగకు.

నాలుగు రోజులుగా ‘సంత దారి’ని మూడు రకాలుగా వాయించి చూశాను. నాలుగు అడుగులూ తీగమీద వేస్తే అది అంబుందో తాత క్యాసెట్‌లోని పాట. బాగుంది. కానీ అది నేను నేర్చుకున్న పాట కాదు. నా చెవిలో నిలిచిన పాటలో మూడో అడుగు లేదు. వేలి కణుపుతో కొడితే ఇన్నాళ్ళూ నేను వాయించిన పాట. అది ఎవరిదో తెలిశాక నా చెయ్యి అక్కడికి వెళ్ళి ఆగిపోతోంది. నువ్వు మీ నాన్న కోసం అడ్డం పెట్టిన చెయ్యి అది. నాకు బొటనవేలు బాగానే ఉంది. నేను ఎవరి కోసం కొడుతున్నట్టు?

మూడో రకం నిన్న వాయించాను. ఒకటి, రెండు, ఏమీ లేదు, నాలుగు. తీగా లేదు, చెక్కా లేదు. ఆ చోటు ఖాళీగా వదిలేశాను. పక్కగదిలో బట్టలు కుట్టుకునే ఆమె మిషను ఆపి గోడమీద తట్టింది. "ఏయ్, ఏదో పడిపోయింది!" అని. మామయ్యా, ఆమెకు గిటార్ గురించి ఏమీ తెలియదు.

కాబట్టి ఇలా నిర్ణయించుకున్నాను. పద్దెనిమిదిన ‘సంత దారి’ని మూడో రకంగానే రికార్డు చేస్తాను. మూడో అడుగు వెయ్యను. నా పక్కన ఒక పీట వేయిస్తాను. నువ్వు సీసాలోని చిక్కుడు విత్తనాలు ఇంకో డబ్బాలో పోసి, సీసా కడిగి, ఇనుప పుల్లతో సహా తీసుకుని రావాలి. ఆ చోటు నువ్వు కొట్టాలి. నా గోళ్ళు ఆ పాటలో పక్కచెక్క జోలికి రావు. అలవాటు తప్పిందంటావేమో. తప్పనీ.

ఆ రోజు లేవని మాట లేవకూడదని పెద్దలు అన్నారు. వాళ్ళు అన్నది మాట గురించి. సీసా గురించి ఎవరూ ఏమీ అనలేదు. నువ్వు నోరు విప్పక్కర్లేదు.

కాగితంలో ఇలా ఉంటుంది: ‘సంత దారి’. కట్టినది అదగాలా. మూడో అడుగు లుగాలియా. వాయించినది కగేహా. ఎందుకు, ఎప్పుడు అన్నది ఉండదు. ఇందులో అబద్ధం లేదు, చెప్పకూడనిదీ లేదు. రోడా గారిని అడిగి చూడు, రాతల సంగతి ఆమెకు తెలుసు.

నువ్వు రాకపోతే వేరే సీసావాణ్ణి పిలవను. నేనూ కొట్టను. ఆ చోటు ఖాళీగానే రికార్డవుతుంది. విన్నవాళ్ళు ఏదో పడిపోయిందని గోడమీద తడతారు. ఇది బెదిరింపే. చెల్లెలి బిడ్డను, బెదిరించవచ్చు.

చవకాలిలో పొద్దున బస్సు ఎక్కితే సాయంకాలానికి దిగుతావు. దిగే చోట నేను ఉంటాను. చెవిపోగులు తీసేసి వస్తాను. గోళ్ళు మాత్రం తియ్యలేను, మిగతా అయిదు పాటలకు కావాలి.

జాకింటా దుకాణం వెనకాల కోళ్ళు పెంచుతుంది. వారం ముందు చెబితే గానీ ఇవ్వదు. రికార్డింగ్ అయ్యాక నా గదిలోనే వండుతాను. ఇక్కడ ఇంటికి పెద్దను నేనే, కాబట్టి కందనకాయ నా కంచంలో పడాలి. కానీ ఆ రోజు నాకు పళ్ళు నొప్పిగా ఉంటుంది.

కోడికి చెప్పాలి. వస్తున్నావో లేదో ఆగస్టు పదిలోగా నాకు అందేలా జవాబు రాయించు.

నీ మేనకోడలు,
కగేహా